వేడెక్కితేనే మిస్సింగ్: పదిహేడేళ్ల బండితో ఐదు వారాలు

జూలై 13, ఆదివారం. మీటరు 61,482.

మా బండి 2008 నాటి 150 సీసీ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మోడల్. రెండు వారాలుగా మిస్సింగ్ కొడుతోంది గానీ, చూపిద్దామనుకున్నప్పుడు మాత్రం కొట్టదు. పొద్దున ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే అందుకుని, స్లో స్పీడులో నిలకడగా తిరుగుతుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు ఇరవై కిలోమీటర్లు నడిచి, ఇంజిన్ బాగా వేడెక్కాక, 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్లీ ఒక్క గుంజుతో అందుకుంటుంది. అప్పుడప్పుడు సైలెన్సర్‌లో టప్‌మని పేలుతుంది. పావుగంట నీడన నిలిపితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

ఈరోజు మూడు పనులు ఒకేసారి చేశాను. ప్లగ్గు మార్చాను, కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేశాను, ట్యాంకులోని పెట్రోలు మొత్తం తీసి కొత్తది పోశాను. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పినప్పుడు, పెట్రోలు అడుగున ఆవగింజలంత నీటి బొట్లు పాదరసంలా దొర్లుతూ కనిపించాయి. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, పైగా ఇది వానాకాలం. దొంగ దొరికాడని సంబరపడి పనిముట్లు సర్దేశాను.

జూలై 27, ఆదివారం. మీటరు 61,790.

బండి తొమ్మిది రోజులు చక్కగా నడిచింది. ఆ తొమ్మిది రోజులూ ముసురు పట్టి ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. ఎండ కాసిన మొదటి రోజునే మిస్సింగ్ తిరిగొచ్చింది. మూడు పనులు కలిపి చేయడం వల్ల ఏది ఎంత పనిచేసిందో చెప్పలేని స్థితిలో పడ్డాను. ఇక మీదట ఒకసారి ఒక్కటే మార్చాలనీ, ప్రతి పరీక్షా మిస్సింగ్ కొడుతున్న క్షణంలోనే చేయాలనీ పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను.

పెట్రోలు వైపు అనుమానాలు ఈరోజే తీర్చుకున్నాను. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. కానీ మిస్సింగ్ మొదలయ్యాక మూత తెరిస్తే గాలి పీల్చిన చప్పుడు రాలేదు, మూత వదులుగా పెట్టి నడిపినా మార్పు లేదు. పెట్రోలు పైపు తీసి సీసాలోకి వదిలితే ఒక నిమిషంలో దాదాపు పావు లీటరు వచ్చింది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి గంటకు 60 వేగంలో నిమిషానికి పాతిక మిల్లీలీటర్లు కూడా అక్కర్లేదు కాబట్టి ఆ దారి మూసేశాను. కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే మానిఫోల్డ్ రబ్బరు చుట్టూ క్లీనర్ స్ప్రే కొడితే స్లో స్పీడు మారలేదు, అంటే అక్కడ గాలి లీకు లేదు. ట్యాపెట్ (వాల్వుల) గ్యాపులు మాన్యువల్లో చెప్పిన కొలతలోనే ఉన్నాయి.

ఆగస్టు 3, ఆదివారం. మీటరు 61,868.

ఇన్నాళ్లూ చెవులతోనే వెతికాను గానీ కళ్లతో చూడలేదు. ఈ బండి ఆర్‌పీఎం మీటరు కేబులుతో తిరిగేది కాదు, ఇగ్నిషన్ నుంచి వచ్చే సంకేతంతో తిరిగేది. రుషికొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట నాలుగో గేరులో నిలకడగా నడుపుతూ ముల్లును గమనించాను. మిస్సింగ్ కొట్టిన ప్రతిసారీ ముల్లు 4,000 నుంచి ఒక్కసారిగా కింద పడి, వెంటనే ఎగిరి తన చోటికి వచ్చింది. బండి గేరులోనే ఉంది, చక్రం ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంది. అంటే ఇంజిన్ వేగం అంత త్వరగా పడిపోయే వీలు లేదు, పడిపోయింది సంకేతమే. పెట్రోలు అందకపోతే ముల్లు ఇంజిన్‌తో పాటు నెమ్మదిగా దిగాలి. ప్లగ్ క్యాపులోనో, ప్లగ్గు వైరులోనో లోపముంటే స్పార్క్ పోయినా ముల్లు కదలకూడదు. కాబట్టి తప్పు ఇగ్నిషన్ కాయిల్‌కు ముందే ఉందని తేలింది. మూడు వారాల పనిని ఆ ముల్లు నాలుగు సెకన్లలో చేసింది.

అయినా ప్లగ్ క్యాపు విప్పి చూశాను. దాని నిరోధం 5.1 కిలో ఓములు, ఉండవలసినంతే. వైరు కొసకు మాత్రం సముద్రపు గాలి పుణ్యమా అని పచ్చటి కిలుము పట్టింది. ఏడు మిల్లీమీటర్లు కోసేసి మళ్లీ బిగించాను. అసలు జబ్బుకు అది మందు కాదని తెలిసే చేశాను.

తరువాత సీడీఐకి, అంటే స్పార్క్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెకు, కరెంటు అందుతోందో లేదో చూడాలి. ఈ మోడల్లో సీడీఐ బ్యాటరీ కరెంటుతో పనిచేస్తుంది కనుక, తాళమో, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్చో క్షణం పాటు తెగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. సీడీఐ కనెక్టరులోని కరెంటు తీగకూ, ఎర్త్ తీగకూ మధ్య చిన్న ఇండికేటర్ బల్బు కలిపి, హ్యాండిల్‌కు టేపుతో కట్టి నడిపాను. ముల్లు పడుతున్నా బల్బు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. ఇక మిగిలినవి సీడీఐ, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో దానికి చెప్పే పల్సర్ కాయిల్, వాటి మధ్య తీగలు.

ఆగస్టు 10, ఆదివారం. మీటరు 61,951.

స్నేహితుడి దగ్గర ఇదే మోడల్ బండి ఉంది. ఇద్దరం సీడీఐలు మార్చుకుని పక్కపక్కనే మంగమారిపేట దాకా వెళ్లాం. నా సీడీఐతో అతని బండి హాయిగా నడిచింది, అతని సీడీఐతో నా బండి మిస్సింగ్ కొట్టింది. కొత్త సీడీఐ కొనే ఖర్చు తప్పింది.

పల్సర్ కాయిల్ సంగతి నిజానికి నేను జూలైలోనే చూశాను. చల్లగా ఉన్నప్పుడు 212 ఓములు చూపించడంతో బాగుందని అనుమానాల జాబితా నుంచి కొట్టేశాను. ఇప్పుడు రోడ్డు పక్క సరుగుడు చెట్ల కింద, మిస్సింగ్ కొడుతుండగానే బండి ఆపి, ఒక్క నిమిషంలో కనెక్టరు ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. 254 చూపించింది. ఇది చూసి కాయిల్ పోయిందని తీర్మానించకూడదు. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, యాభై డిగ్రీలు వేడెక్కితే ఆ మాత్రం పెరగాలి. తీగను వేలితో మెల్లగా కదిపాను. అంకె 900 దాటి, ఆపై పూర్తిగా మాయమై, తీగ తెగినప్పుడు వచ్చే గుర్తు తెరపై నిలిచింది. పది నిమిషాల తరువాత మళ్లీ 230 దగ్గరికి వచ్చి, ఎంత కదిపినా చలించలేదు.

ఆగస్టు 15, శుక్రవారం. మీటరు 62,010.

సెలవు కలిసొచ్చింది. ఇంజిన్ ఆయిల్ దించి, ఎడమ వైపు, పల్సర్ కాయిల్ ఉండే మాగ్నెట్ కవరు విప్పాను. విప్పే ముందు పల్సర్‌కూ ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ మీది ఉబ్బుకూ మధ్య గ్యాపును సన్నని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవాలని ఉన్నా, కాయిల్ కవరుకే బిగించి ఉండటంతో కుదరలేదు; పాతదాని ఎత్తును కొలిచి రాసుకున్నాను.

తీసిన పల్సర్‌ను బల్ల మీద పెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను. ‘అది తల ఆరబెట్టుకోవడానికండీ’ అని ఇంట్లో అభ్యంతరం వచ్చింది, రెండు నిమిషాలని ఒప్పించాను. ఆ రెండు నిమిషాలూ పూర్తి కాకముందే అంకె మాయమైంది. ఊది చల్లార్చితే తిరిగొచ్చింది. భూతద్దంతో చూస్తే, తీగ కాయిల్లోకి దిగేచోట టంకం చుట్టూ వెంట్రుక వాసి గీత ఒకటి ఉంగరంలా తిరిగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు రెండు అంచులూ ఆనుకుంటాయి, వేడికి వ్యాకోచిస్తే విడిపోతాయి. మళ్లీ టంకం పెట్టవచ్చు గానీ, వేడి ఆయిల్ తగిలే చోట నా టంకాన్ని నేనే నమ్మను. స్పేర్ పార్టుల దుకాణంలో పల్సర్ ఒక్కటే విడిగా 380 రూపాయలకు దొరికింది. పాతదాని ఎత్తుకే బిగించి, ఆయిల్ కారకుండా కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను.

ఆగస్టు 17, ఆదివారం. మీటరు 62,084.

మిట్టమధ్యాహ్నం కావాలనే బయలుదేరి భీమిలి వెళ్లి ఆగకుండా తిరిగొచ్చాను. ముల్లు ఒక్కసారి కూడా పడలేదు. కవరు అడుగు బోల్టు దగ్గర మాత్రం ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. పాత గ్యాస్కెట్ ముక్క ఆ మూలన సరిగా గీకలేదని నా అనుమానం. వచ్చే ఆదివారం మళ్లీ విప్పాలి.