ఇల్లు కొనేముందు రేడాన్ టెస్ట్ వద్దనకండి

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూస్తారు, వాస్తు చూస్తారు, తూర్పు ముఖం కోసం నెలల తరబడి ఆగుతారు, తీరా ఇన్‌స్పెక్షన్ దగ్గర రేడాన్ టెస్ట్ కూడా చేయమంటారా అని అడిగితే మాత్రం ఎందుకులే అదనపు ఖర్చు అంటారు. నేనుండేది ఒహాయోలో, ఇక్కడి నేలల్లో రేడాన్ బాగా ఎక్కువ. అందుకే కనిపించినవాళ్లందరికీ చెబుతుంటాను, చేయించండి అని.

నేలలో ఉన్న యురేనియం నుంచి రేడియం, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. రంగూ వాసనా లేని రేడియోధార్మిక వాయువు. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి పోతుంటే ఇల్లు మొత్తం పొగగొట్టంలా పనిచేసి, కింద మట్టిలోని గాలిని నెర్రెల్లోంచి, నీళ్లు చేరే సంప్ గుంటలోంచి బేస్‌మెంట్‌లోకి లాగేస్తుంది. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు ఇదే కారణమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ అంచనా, సిగరెట్ తర్వాత స్థానం దీనిదే. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీర్ అణు విద్యుత్ కేంద్రంలో అడుగుపెడితే రేడియేషన్ అలారం మోగింది. తీరా చూస్తే అదంతా ఆయన ఇంటి నుంచి ఒంటికి అంటుకొచ్చింది! ఆ ఇంట్లో కొలిస్తే లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే యూనిట్). ఈపీఏ ప్రకారం 4 గానీ అంతకు మించి గానీ ఉంటేనే బాగుచేయించుకోవాలి.

టెస్ట్ పెద్ద పనేం కాదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే కిట్‌లో బొగ్గు పొడి ఉన్న చిన్న డబ్బా ఉంటుంది, మూత తీసి పెడితే గాలిలోని రేడాన్‌ను ఆ బొగ్గు పట్టుకుంటుంది. మీరు వాడుకునే అన్నిటికన్నా కింది అంతస్తులో, నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తులో, కిటికీలకు దూరంగా పెట్టాలి, వంటగదిలోనూ బాత్రూంలోనూ వద్దు. పెట్టడానికి 12 గంటల ముందు నుంచి టెస్ట్ అయ్యేదాకా ఇంట్లో కిటికీలన్నీ మూసే ఉండాలి. మన ఇళ్లలో ఇదే కష్టం, తాలింపు ఘాటుకి ఎవరో ఒకరు కిటికీ తీసేస్తారు. కాసేపు చిమ్నీ వేసుకోండి, ఫర్వాలేదు, కిటికీ మాత్రం తీయొద్దు. రెండు మూడు రోజుల గడువు అయ్యాక మూతపెట్టి, మొదలుపెట్టిన టైమూ ఆపిన టైమూ రాసి, ఆ రోజే పోస్ట్ చేయండి. ఎందుకంటే రేడాన్ 3.8 రోజుల్లో సగమైపోతుంది, డబ్బా వారం రోజులు కారులో పడి ఉంటే ల్యాబ్‌కి కొలవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

రెండు మూడు రోజుల టెస్ట్ చెప్పేది ఆ రోజుల సంగతే. 4 దాటితే మళ్లీ చేయండి. 8 దాటితే ఆలస్యం చేయకుండా వెంటనే ఇంకో రెండు మూడు రోజుల టెస్ట్. ఏడాది సగటు కావాలంటే 90 రోజులకు పైగా ఉంచే ఆల్ఫా ట్రాక్ కిట్ ఉంది, రేడాన్ నుంచి వెలువడే ఆల్ఫా కణాలు ప్లాస్టిక్ ముక్క మీద చేసిన గాట్లను ల్యాబ్‌లో లెక్కపెడతారు. పక్కింటి వాళ్లకి తక్కువ వచ్చిందని ఊరుకోవద్దు, పక్కపక్క ఇళ్లలోనే చాలా తేడా ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి బేస్‌మెంట్‌లో గది ఇస్తుంటే, డబ్బా ఆ గదిలోనే పెట్టండి.

ఎక్కువ వచ్చినా ఇల్లు వదులుకోనక్కర్లేదు. ఫ్లోర్ కిందికి పైపు దించి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి పంపేస్తారు. ఆ తర్వాత నెలలోపు ఒకసారి, ఆపై రెండేళ్లకోసారి మళ్లీ టెస్ట్ చేయాలి. పైపు మీద యూ ఆకారపు గొట్టంలో రంగు నీళ్లు రెండు వైపులా సమానంగా కనిపిస్తే ఫ్యాన్ ఆగిపోయినట్టు, వెంటనే మెకానిక్‌ని పిలవండి.