కొండ ఎత్తులో వానకు ఉన్న వాటా

భూస్వరూపాల పాఠం సాధారణంగా రెండు శీర్షికలతో మొదలవుతుంది: భూగర్భంలో పనిచేసే అంతర్జనిత బలాలు, ఉపరితలంపై పనిచేసే బహిర్జనిత బలాలు. మొదటివి నేలను పైకెత్తుతాయని, రెండవవి దానిని అరగదీస్తాయని చదువుకుంటాం. పరీక్ష రాయడానికి ఈ విభజన చాలు గాని, ఒక పర్వతం ఎందుకు అంత ఎత్తున నిలబడి ఉన్నదో తెలుసుకోగోరే వారికి ఇది చాలదని నా అభిప్రాయం. ఎందుకంటే నీరు, మంచు చేసే కోత కూడా నేల పైకి లేవడానికి గల కారణాలలో ఒకటి.

భూమి పైపెంకు అయిన భూపటలపు శిలల సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు కాగా, దాని అడుగున ఉన్న భూప్రావారపు సాంద్రత సుమారు 3.3 గ్రాములు. భూప్రావారం ఘనపదార్థమే అయినా, వేల సంవత్సరాల వ్యవధిలో అది అతి చిక్కని ద్రవం వలె నెమ్మదిగా కదులుతుంది; కనుక తేలికైన పటలం దానిపై తేలుతూ, పర్వతాల కింద మరింత లోతుకు దిగి ఉంటుంది. ఒక విశాలమైన పర్వత ప్రాంతం నుంచి నదులు, హిమానీనదాలు కలిసి సగటున 1,000 మీటర్ల మందం గల శిలను తొలగించాయని అనుకుందాం. సరుకు దించిన పడవ నీటిలో పైకి తేలినట్లుగా ఆ ప్రాంతమంతా సుమారు 800 మీటర్లు తిరిగి పైకి వస్తుంది. అంటే సగటు ఎత్తులో నికరంగా తగ్గేది 200 మీటర్లలోపే. అయితే కోత అన్ని చోట్లా ఒకే విధంగా జరగదు. లోయలు వేగంగా లోతవుతాయి, శిఖరాలు నిదానంగా అరుగుతాయి, పైకి రావడం మాత్రం రెండింటికీ సమానంగా వర్తిస్తుంది. అందువల్ల చుట్టూ లోయలు కోసుకుపోతున్న కాలంలోనే శిఖరాలు మునుపటికంటే ఎత్తుకు చేరడం సాధ్యమవుతుంది. భూగోళ శాస్త్రంలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న విషయం మరొకటి లేదు.

బరువు తొలగితే నేల లేస్తుందనడానికి ప్రత్యక్ష నిదర్శనం స్కాండినేవియా. గత హిమయుగంలో అక్కడ కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు సుమారు 10,000 సంవత్సరాల క్రితం నాటికే కరిగిపోయింది. అయినా స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరాలు నేటికీ ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పైకి వస్తూ, సముద్రం నుంచి కొత్త నేలను బయటపెడుతున్నాయి. హిమాలయాల పశ్చిమ కొసన 8,126 మీటర్ల ఎత్తున్న నంగా పర్బత్ కథ మరింత జటిలమైనది. దాని శిఖరానికీ సింధు నదీ లోయకూ మధ్య సుమారు 25 కిలోమీటర్ల దూరంలోనే 7,000 మీటర్ల ఎత్తు తేడా ఉంది. భారత, యురేషియా పలకల తాకిడి అక్కడి శిలలను పైకి నెట్టుతున్నదన్న మాట నిజమే. కాని, సింధు నది అంత ఉధృతంగా కోస్తున్నందువల్లనే లోతున ఉన్న వేడి, మెత్తని శిల ఆ చోటికి చేరి పైకి పొంగుతున్నదని కొందరు భూవిజ్ఞానులు వాదిస్తారు. పర్వత రూపకల్పనలో నదికి సమాన భాగస్వామ్యం ఇచ్చే ఈ వాదన నాకు సమంజసంగా తోస్తుంది.

నది మోసుకుపోవాలంటే ముందు శిల పగలాలి. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి రాతిని చీలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాననీరు బలహీనమైన ఆమ్లమై సున్నపురాయిని కరిగించి గుహలను తొలుస్తుంది. మొక్కల వేళ్లు, ఉప్పు స్ఫటికాలు కూడా తమ వంతు పని చేస్తాయి.

ఈ పనికి ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నే భూవిజ్ఞాన చరిత్రలో పెద్ద వివాదాలకు దారితీసింది. 1788లో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ స్కాట్లాండ్ తీరంలోని సికార్ పాయింట్ వద్ద, దాదాపు నిట్టనిలువుగా ఉన్న పాత శిలాస్తరాల మీద ఏటవాలుగా పరుచుకున్న ఎర్రని ఇసుకరాతి పొరలను చూశాడు. అడుగున ఉన్నవి సముద్రంలో పేరుకుని, ముడతపడి, పైకి లేచి, అరిగిపోయిన తరువాతే పైపొరలు ఏర్పడి ఉండాలి. ఆ రెండింటి మధ్య గడిచిన కాలం సుమారు 6.5 కోట్ల సంవత్సరాలని నేడు మనకు తెలుసు. హట్టన్ ప్రభావంతో నిదానమైన మార్పుపై నమ్మకం ఎంతగా స్థిరపడిందంటే, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న విచిత్రమైన ఎండు కాలువలను ఒక మహా వరద చెక్కిందని 1923లో హార్లెన్ బ్రెట్జ్ ప్రకటించినప్పుడు తోటి శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. హిమయుగంలో మంచు గోడ అడ్డుపడగా ఎగువన ఏర్పడిన మిసౌలా సరస్సు, ఆ గోడ తెగిన ప్రతిసారీ ఒక్కసారిగా ఖాళీ అయ్యేదని, అటువంటి వరదలు అనేకం వచ్చాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1979లో బ్రెట్జ్‌కు అమెరికా భూవిజ్ఞాన సంఘపు అత్యున్నత పురస్కారమైన పెన్‌రోజ్ పతకం లభించింది. నేలను తీర్చిదిద్దడంలో లక్షల ఏళ్ల నిత్య కృషికీ, కొద్ది రోజుల ఉత్పాతానికీ రెండింటికీ చోటున్నదని ఒప్పుకోవడానికి విజ్ఞానానికి దశాబ్దాలు పట్టింది.

కోసుకుపోయిన మట్టి ఎక్కడికి చేరుతుందన్నది నా దృష్టిలో తగినంత శ్రద్ధ పొందని ప్రశ్న. గంగా, బ్రహ్మపుత్ర నదులు కలిసి ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రును మోసుకొస్తాయి. అందులో కొంత మైదానంలో, డెల్టాలో ఆగగా, మిగిలినది బంగాళాఖాతం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న, ప్రపంచంలోనే అతిపెద్ద సముద్రగర్భ అవక్షేప మేటలో చేరుతుంది. హిమాలయాల నుంచి ఎంత శిల పోయిందో తెలుసుకోవాలంటే పర్వతం మీద కంటే అక్కడి పొరల్లోనే ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి.

డెల్టాలోని మెత్తని ఒండ్రు తన బరువుకే నొక్కుకుపోయి కుంగుతూ ఉంటుంది కాబట్టి, ఏటా కొత్త మట్టి వస్తేనే అది సముద్రమట్టానికి పైన నిలుస్తుంది. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయిన నాటి నుంచి నైలు నది ఒండ్రు దాదాపు అంతా జలాశయంలోనే ఆగిపోతున్నది. డెల్టా అంచున రోసెట్టా వద్ద అంతకుముందే మొదలైన తీరపు కోత ఆ తరువాత తీవ్రమైంది. మిసిసిపీ డెల్టాలో కూడా ఆనకట్టలు, కరకట్టలు ఒండ్రును అడ్డుకోవడం 1930ల తరువాత సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల తీరభూమి నీటిపాలు కావడానికి దోహదం చేసింది. ఆనకట్టల రూపకల్పనలో నీటి నిల్వ లెక్కలకు ఇచ్చే ప్రాధాన్యం దిగువకు చేరవలసిన మట్టి లెక్కకు ఇవ్వకపోవడం, ఇన్ని ఉదాహరణలు కళ్ల ముందు ఉండగా, సమర్థించుకోలేని లోపం.