ఉప్పుగాలిలో జపాన్ కళ: విశాఖలో ప్రదర్శన పెట్టాలంటే

జపాన్ సమకాలీన కళాప్రదర్శన విశాఖలో పెడదామనుకునేవాళ్లు మొదటి సమావేశంలోనే కళాకారుల జాబితా రాసేస్తారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. హాల్లో తేమ, వేడి నమోదు చేసే డేటా లాగర్లు మూడు పెట్టి, కనీసం నెలరోజులు రాత్రీ పగలూ తేమ లెక్క తీయించాలి. ఒకటి సముద్రం వైపు గోడకి, ఒకటి తలుపు దగ్గర, ఒకటి గది మధ్యలో. ఏ బొమ్మని అడగొచ్చో, దేని జోలికి పోకూడదో ఆ గ్రాఫు చూశాకే తెలుస్తుంది. అరువిచ్చేవాళ్లు కూడా ముందు అడిగేది దాని గురించే.

పెద్ద మ్యూజియంలు కలిసి ఒప్పుకున్న బిజో ప్రమాణం ప్రకారం తేమ 40 నుంచి 60 శాతం, వేడి 16 నుంచి 25 డిగ్రీలు ఉండాలి. 24 గంటల్లో తేమ 10 శాతానికి మించి అటూ ఇటూ ఊగకూడదు. మన దగ్గర వానాకాలంలో బయట గాలిలో తేమ 80 దాటడం మామూలే. ఏసీ 18లో పెడితే గది పొడిగా అయిపోతుందనుకుంటారు. అది పొరపాటు. గాలిలో ఉన్న నీరు అంతే ఉండి వేడి మాత్రం తగ్గితే తేమ శాతం పెరుగుతుంది. గది 23, 24 దగ్గర నిలకడగా ఉంచి, తేమ లాగేయడానికి వేరే డీహ్యూమిడిఫయర్ పెట్టుకోవడమే దారి. రెండూ రాత్రిపూట కూడా నడవాలి. కరెంటు ఆదా అని సందర్శకులు వెళ్లగానే ఆపేస్తే, తెల్లారేసరికి తేమ 55 నుంచి 75కి ఎక్కుతుంది, పదకొండింటికి మళ్లీ దిగుతుంది. ఈ రోజువారీ ఎక్కడం దిగడమే కాగితాన్ని అలలు తేలుస్తుంది, రంగు పొరని లేపుతుంది. ఎప్పుడూ 62 దగ్గరే ఉండే గది ఇంతకన్నా నయం. జనరేటర్ లెక్కలో లైట్లతో పాటు ఏసీలనీ కలపండి.

పెట్టెలు దిగే రోజు ఇంకో ప్రమాదం. ఏసీ లారీలో చల్లబడి వచ్చిన పెట్టెని ఉక్కపోతలో, వరండాలోనే తెరిచేస్తారు. ఆగస్టు గాలిలో 24 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా గోళీసోడా సీసాకి పట్టినట్టు నీళ్లు పడతాయి. పెట్టెని హాల్లోకి చేర్చి, 24 గంటలు మూత తీయకుండా వదిలేయాలి. ఎంత పెద్ద అతిథి ఎదురుచూస్తున్నా సరే. పెట్టె అడుగున కట్టెలుంటే, కర్రతో పురుగులు దేశం దాటకుండా వేసే ఐఎస్‌పీఎం 15 ముద్ర వాటి మీద ఉందో లేదో పంపేముందే ఫొటో తెప్పించుకోండి. కర్ర మధ్యభాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడెక్కిందని ఆ ముద్ర చెబుతుంది. ప్లైవుడ్‌కి ఆ నియమం లేదు, కానీ ప్లైవుడ్ పెట్టెకి అడుగున కొట్టిన పైన్ కట్టెలకి ఉంది. అక్కడే చాలామంది దొరికిపోతారు.

అద్దాల బీరువాల్లో పెట్టే సిలికా జెల్ గురించి గట్టిగా చెప్పాలి. మందుల దుకాణం సంచుల్లో దొరికే నీలం గుళికలు తెచ్చి పోయకండి. అవి పూర్తిగా ఎండబెట్టినవి. బీరువాలో తేమని 20కి లాగేస్తే చెక్క కుంచించుకుపోతుంది, దాని మీది పూత పగులుతుంది. ముందే 55 శాతం దగ్గర నిలకడకి తెచ్చిన జెల్ కావాలి. పాతకాలం నుంచి వాడే కొలత ఘనమీటరు ఖాళీకి 20 కిలోలు. అంటే అర ఘనమీటరు బీరువాకి 10 కిలోలు, అదీ తలుపు సందుల్లోంచి గాలి చొరబడకపోతేనే.

నిహొంగా, అంటే జపాన్ సంప్రదాయ పద్ధతిలో వేసిన బొమ్మలొస్తే మరింత జాగ్రత్త. రాళ్లు నూరిన రంగులని నికవ అనే జంతు జిగురుతో కాగితానికో పట్టుకో అంటిస్తారు. తేమ ఎక్కువైతే ఆ జిగురు మెత్తబడి బూజు పడుతుంది, ఎండితే రంగు పొడిగా రాలుతుంది. పైన మామూలు ఆక్రిలిక్ రేకు బిగించి, బట్టతో తుడిచారో, దానికి పుట్టే స్థిరవిద్యుత్తు ఆ పొడిని పైకి లాగేస్తుంది. లామినేటెడ్ గాజు గానీ, స్థిరవిద్యుత్తు పుట్టని ఆక్రిలిక్ గానీ వాడాలి. బయటి గోడకి ఫ్రేమ్ నేరుగా తగిలించొద్దు. వానకి ఆ గోడ లోపల చెమ్మగానే ఉంటుంది. కనీసం 5 సెంటీమీటర్ల ఎడంతో ప్యానెల్ నిలబెట్టి దానికి తగిలించాలి. కాగితం బొమ్మల మీద వెలుగు 50 లక్స్ దాటకూడదు.

తేదీల విషయంలో నా మాట ఒక్కటే: అక్టోబరు, నవంబరు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా గాలి కాస్త పొడిగా ఉంటుంది.

మోటార్లతో తిరిగే కళాకృతులుంటే ఓల్టేజీ గురించి అందరూ ఆలోచిస్తారు, జపాన్‌లో 100, మన దగ్గర 230. ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు, అయిపోయిందనుకుంటారు. కానీ కరెంటు ఫ్రీక్వెన్సీ జపాన్‌లో తూర్పు సగం 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పడమటి సగం 60 హెర్ట్జ్. మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీ దించుతుంది గానీ హెర్ట్జ్ మార్చదు. ఫ్రీక్వెన్సీని బట్టే వేగం ఉండే సింక్రనస్ మోటారు ఒసాకాలో తయారైతే ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 60 చుట్లు తిరగాల్సింది 50 తిరుగుతుంది. చూసేవాళ్లకి తేడా తెలియకపోవచ్చు, చేసినవాళ్లకి అది వేరే కళాకృతి. పైగా 60కి చేసిన మోటారు 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలని ఒప్పందంలోనే రాయించండి.

కస్టమ్స్‌కి ఏటీఏ కార్నే దగ్గరి దారి, అంటే తిరిగి పంపేసే సరుకుని సుంకం కట్టకుండా తాత్కాలికంగా తెచ్చుకునే పత్రం. జపాన్‌లో జపాన్ కమర్షియల్ ఆర్బిట్రేషన్ అసోసియేషన్ ఇస్తుంది, మన దేశంలో హామీదారు వాణిజ్య, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీ. దాని గడువు ఎక్కువలో ఎక్కువ ఏడాది. అయితే సరుకు దిగినప్పుడు అధికారి కౌంటర్‌ఫాయిల్ మీద వేసే తిరుగు గడువు వేరు, అది ఇంకా ముందే ఉండొచ్చు. ఆ తేదీనే గోడకి రాసి పెట్టుకోవాలి. జాబితా ఒకసారి సంతకమయ్యాక కొత్త వస్తువు చేర్చడానికి వీల్లేదు. బొమ్మ ఒకటి, దాని స్టాండు ఒకటి అయితే రెండు వరసలు. పంచిపెట్టే కేటలాగులు, ఇక్కడే ఖర్చయిపోయే నూలు, జిగురు కార్నేలోకి రావు. ఏ కస్టమ్స్ కేంద్రంలో కార్నే తీసుకుంటారో విమానం బుక్ చేయకముందే బ్రోకరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. చెన్నైలో దింపితే అక్కణ్ణుంచి సుమారు 800 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం కూడా బీమాలో ఉండాలి.

ఇక గోడ మీది రాత, అంటే బొమ్మ పక్కన పెట్టే వివరణ. ప్రదర్శన నిలిచేదీ పడిపోయేదీ దీని దగ్గరే అని నా నమ్మకం. 1954లో మొదలైన జపాన్ కొత్తతరం కళాకారుల బృందం గుతై 1958లో న్యూయార్క్‌లో బొమ్మలు పెడితే, అక్కడి విమర్శకులు వాటిని అమెరికన్ చిత్రకళకి నకళ్లుగా చూశారు. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వాళ్లకి పెద్ద ప్రదర్శన పెట్టింది 2013లో. చూసేవాళ్ల చేతికి ఏ తాళం ఇస్తే ఆ తలుపే తెరుచుకుంటుంది. విశాఖలో మామూలుగా జరిగేదేమిటంటే, జపనీస్ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి అనువాదం. ఆ మధ్య మజిలీలో పేర్లే తలకిందులవుతాయి. జపాన్ వాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. 2020 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలోనూ అదే వరస. మరి తెలుగు గోడ మీద ఇంటిపేరు వెనక్కి ఎందుకు పోవాలి?

ఉచ్చారణలో మనకున్న సదుపాయం హిందీకి లేదు. జపనీస్‌లో ఎ-ఏ, ఒ-ఓ తేడా ముఖ్యం, తెలుగు లిపిలో ఆ తేడా పుట్టుకతోనే ఉంది. వాళ్ల త మన త, ట కాదు. ఒత్తు పలికే చోట మనకి ద్విత్వం ఉంది: సప్పొరొ, హొక్కైదో. త్సు అనే అక్షరానికి ‘చాప’లో చ పలికినట్టు పలికితే చాలా దగ్గరికొస్తుంది. కాబట్టి కళాకారుల పేర్లు ఇలా రాయాలి: కుసామా కాదు, కుసమ యయొయి. మురకమి తకషి. సుగిమొతొ హిరొషి. షియొత చిహరు. యొషిహర జిరో, ఇక్కడ మాత్రం చివర దీర్ఘం. టోక్యో లాంటివి జనం నోట నలిగిపోయాయి, వాటిని కదపొద్దు.

పోలికలు కూడా తూచి వాడాలి. కుసమ బొమ్మల్లోని చుక్కలు చూడగానే సంక్రాంతి ముగ్గు అంటారు. అననివ్వండి, ఆ పక్కనే ఒక వాక్యం రాయండి: ముగ్గులో చుక్క గీతకి దారి చూపిస్తుంది, ఈమె చుక్క చిన్ననాడు కళ్లకి కమ్మిన భ్రమలోంచి వచ్చి గోడనీ మనిషినీ ఒకేలా కప్పేస్తుంది. అలాగే చెక్క మీద వేసే జపాన్ పూత, ఉరుషి. లేబులు మీద ‘లక్క’ అని రాసేస్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్కపిడతలు చేసేవాళ్లే ముందు తప్పు పడతారు. లక్క పురుగు నుంచి వస్తుంది, లేత్ మీద రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఉరుషి చెట్టు పాలు, ఆరడానికి వేడి కాదు, తేమ కావాలి: 20 నుంచి 30 డిగ్రీల వేడిలో, 70 నుంచి 85 శాతం తేమలో గట్టిపడుతుంది. గట్టిపడ్డాక దాని శత్రువు ఎండ. రెండూ పక్కపక్కన పెట్టి ఈ తేడా చూపిస్తే, విశాఖ జనానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ ఊరికి అన్నిటికంటే తగినదీ, అన్నిటికంటే ఇబ్బంది పెట్టేదీ ఉప్పు పని. 1966లో పుట్టిన యమమొతొ మొతొఇ, 1994లో చెల్లెలు చనిపోయాక ఉప్పుతో నేల మీద చిక్కుదారులు గీయడం మొదలుపెట్టాడు. ప్రదర్శన ముగిశాక జనం ఆ ఉప్పుని ఊడ్చి సముద్రంలో కలుపుతారు. జపాన్‌లో చావు ఇంటి నుంచి వచ్చి ఉప్పు చల్లుకుని శుద్ధి అవుతారు. మనం ఉప్పుతో దిష్టి తీస్తాం. ఈ రెండు మాటలూ లేబులులో ఉండాలి, ఒకటే అని మాత్రం అనకూడదు.

ఇలాంటి పని ఇక్కడ చేయాలంటే లెక్క ఇది. పిండే ప్లాస్టిక్ సీసాతో సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు ఎత్తు గీత గీస్తే 100 మీటర్లకి సుమారు 6 కిలోల ఉప్పు, కిలోమీటరుకి 60. మరమ్మతులకి ఇంకో 12 కలుపుకోండి. శుద్ధి చేసిన సన్న ఉప్పే వాడాలి. చవక అని కళ్లుప్పు నూరి పోస్తే అందులోని మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే నీరు పీల్చడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నానికి గీత అంచులు జారతాయి. మంచి ఉప్పు కూడా 75 దాటితే కరుగుతుంది, మన బయటి గాలి ఎక్కువ రోజులు ఆ 75కి అటో ఇటో ఉంటుంది. అందుకే రెండు తలుపుల గది, 60 లోపు తేమ, నేల మీద పాలిథిన్ పరిచి దాని మీద నల్ల బోర్డు. ఇనుప స్టాండ్లు, స్పీకర్లు అదే గదిలో వద్దు.

చివరి రోజు తడిగుడ్డ ముందు తీయకండి. పొడి కుంచెలతో ఊడ్చి బకెట్లకి ఎత్తాక, నేలని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. కంటికి కనబడని ఉప్పు పొర మిగిలినా ఆ రాత్రికే చెమ్మ పట్టి మర్నాటికి పాలరాయి మీద మరక తేలుతుంది. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే కెరటాలుంటాయి కాబట్టి జనాన్ని మోకాలి లోతు కూడా దిగనివ్వకుండా, అలలు వచ్చి తడిపే ఇసుక మీదే ఉప్పు పోయించాలి.