మిగతా మూడూ తప్పేనా?

క్విజ్ గేమ్‌కి ఒక ఆటగాడు పంపిన బిట్ (ప్రశ్న) ఇది: "మహాభారతాన్ని తెలుగు చేసిన కవి ఎవరు?" ఆప్షన్లు: నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన. కీ: నన్నయ.

ఈ బిట్ పంపినవాళ్లు తప్పేమీ చెప్పలేదు. నన్నయ భారతం రాసిన మాట నిజమే. ఆది, సభా పర్వాలు పూర్తిగా, అరణ్య పర్వంలో కొంత ఆయనవి. అరణ్యంలో మిగిలింది ఎర్రన పూరించాడు. విరాటం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తిక్కనవి. అంటే నాలుగు ఆప్షన్లలో మూడు కరెక్టు. భారతం ముఖం చూడనివాడు టక్కున "నన్నయ" నొక్కి పాయింట్లు పట్టుకుపోతాడు. చదివినవాడు ఆగి, ఏ పర్వం గురించి అడుగుతున్నారో అని బుర్ర గోక్కుని, తిక్కన నొక్కి ఓడిపోతాడు.

ఆటగాళ్లే ప్రశ్నలు పంపే క్విజ్ గేముల్లో గొడవలు చాలావరకు ఈ జాతివే. 2013లో అర్జెంటీనా నుంచి వచ్చిన ట్రివియా క్రాక్‌లో ప్రశ్నలు రాసేదీ వాళ్లే, వాటికి ఓటేసేదీ వాళ్లే. అదే ఏడాది ఐస్‌లాండ్ నుంచి వచ్చిన క్విజప్ కొన్నాళ్లకి టాపిక్ మొత్తాన్నే జనం చేతికిచ్చింది, 2021లో మూతపడింది. ఎక్కడైనా రివ్యూ చేసేవాళ్లు చూసేది "జవాబు కరెక్టేనా?" అని. చూడాల్సింది "మిగతా మూడూ తప్పేనా?" అని. మొదటిది ఒక్క వెతుకులాటతో తేలిపోతుంది, రెండోదానికి మూడు వెతుకులాటలు కావాలి. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పై బిట్‌ని బాగుచేయడానికి చాలామంది ఆప్షన్లు మారుస్తారు: నన్నయ, పోతన, శ్రీనాథుడు, మొల్ల. ఆ రౌండుకి సరిపోతుంది. కానీ అదే ప్రశ్న రేపు టైప్ చేసే మోడ్‌లోకి వెళ్తే, లేదా గేమ్ తప్పుడు ఆప్షన్లను కేటగిరీ నుంచి తనే ఏరుకుంటే, తిక్కన మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ప్రశ్ననే బిగించాలి: "ఆదిపర్వాన్ని తెలుగు చేసిన కవి ఎవరు?" ఆప్షన్లు మూసేసి చదివినా ఒకే జవాబు రావాలి. రివ్యూలో మొదటి మెట్టు ఇదే. ముందు ప్రశ్న ఒక్కటే చూపించాలి. రివ్యూయర్ జవాబు రాశాకే కీ, ఆప్షన్లు తెరుచుకోవాలి. కీ ముందే కనిపిస్తే బుర్ర దాన్ని సమర్థించే పనిలో పడుతుంది.

ఒక్క మాట తేడాతో బిట్ ఎలా చెడుతుందో చూడండి. "ఆంధ్ర మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం. 1956 నవంబర్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ ఆప్షన్లలో ఉంటే కొట్లాట ఖాయం. సరే, ఈ గొడవెందుకని హైదరాబాద్ రాష్ట్రం అడుగుదామంటే అక్కడా ఇదే తంటా. 1952 ఎన్నికల తర్వాత వచ్చినవారు బూర్గుల రామకృష్ణారావు. అంతకుముందు 1950లోనే ఎం.కె. వెల్లోడిని కేంద్రం ముఖ్యమంత్రిగా నియమించింది. "ఎన్నికైన" అన్న ఒక్క మాట చేరిస్తే బిట్ బతుకుతుంది.

ఇక కాలం. "తెలంగాణలో ఎన్ని జిల్లాలు?" 2014లో 10. 2016 అక్టోబర్ 11 నుంచి 31. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరాక 33. దేశంలో రాష్ట్రాల సంఖ్య ఇంకా చిత్రం: 2014 జూన్ 2న 28 కాస్తా 29 అయింది, 2019 అక్టోబర్ 31న మళ్లీ 28. అంటే 2013లో రాసిన బిట్ ఒకటి మధ్యలో ఐదేళ్లు తప్పయి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే మళ్లీ కరెక్టయింది! పరిష్కారం పెద్ద విద్యేమీ కాదు. "ప్రస్తుతం", "ఇటీవల", "ఇప్పటివరకు" అనే మాటలుంటే ఫారమే వెనక్కి కొట్టాలి. ఏడాది ప్రశ్నలోనే రాయించాలి. అలా కుదరని వాటికి గడువు తేదీ తగిలించాలి: పదవుల్లో ఉన్నవాళ్ల గురించైతే ఆరు నెలలు, ఆటల రికార్డులకైతే నెల. గడువు దాటితే బిట్ తనంతట తనే ఆటలోంచి తప్పుకుని రివ్యూ క్యూలోకి రావాలి.

అందరూ నమ్మేది, నిజమైనది వేరువేరైనప్పుడు ఏం చేయాలి? "మన జాతీయ క్రీడ ఏది?" అంటే బడిపిల్లలు హాకీ అంటారు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా శాఖ 2012లో సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులోనే చెప్పింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదల తేదీ 1931 సెప్టెంబర్ 15 అని దశాబ్దాలపాటు అచ్చయింది. తర్వాత సెన్సార్ కాగితాలు, పాత పత్రికలు తవ్వి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. 1931 చెప్పే పుస్తకాలు ఇప్పటికీ గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఇలాంటివి "జవాబు ఏది" అన్న రూపంలో ఆటలోకి రాకూడదని నా అభిప్రాయం. పది సెకన్ల ఆట చరిత్ర తగాదా తీర్చే చోటు కాదు. రెండు ఆధారాలు అడగడం మంచిదే. కాకపోతే వికీపీడియా, దాన్ని కాపీ కొట్టిన వెబ్‌సైటు కలిపి ఒక ఆధారమే.

తెలుగుకే ప్రత్యేకమైన లీకులు కొన్నున్నాయి, ఇంగ్లీషు క్విజ్ నియమాల్లో వీటి ఊసుండదు. "ఈ నవల రాసిన రచయిత్రి ఎవరు?" అని అడిగి ముగ్గురు మగవాళ్లనీ ఒక ఆడమనిషినీ ఇస్తే నవల పేరుతో పనేముంది? "చెప్పాడు", "చెప్పింది" అన్న క్రియలూ అంతే. "ఎవరు రాశారు" అంటే ఏ బాధా లేదు. రెండోది విభక్తి: ప్రశ్న "ఎక్కడ ఉంది?" అని ఉండి, రాసినవాళ్లు కరెక్ట్ ఆప్షన్‌కి మాత్రం అలవాటుగా "గుంటూరులో" అని, మిగతావాటికి "నెల్లూరు, కడప, ఏలూరు" అని వదిలేస్తారు. మూడోది అన్ని భాషల్లోనూ ఉన్నదే. కరెక్ట్ జవాబు అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే రాసేవాళ్లు దాన్నే జాగ్రత్తగా రాస్తారు. ఆప్షన్లలో పొడవైనది చిన్నదానికి రెండింతలు దాటితే ఫారమ్ హెచ్చరిస్తే చాలు. ఆప్షన్ల వరస సర్వరే కలిపేయాలి, మనుషులకి వదిలేస్తే కీని నడుమ పెడతారు. వరస కలిపే చోట "పైవన్నీ" అన్న ఆప్షన్‌ని నిషేధించడం మర్చిపోకండి. అది మొదటి గడిలోకి వచ్చి కూర్చుంటే పైన ఉండేది ప్రశ్న ఒక్కటే.

ప్రాంతం సంగతి వేరే తలనొప్పి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే గింజలు వలుచుకుని కూర వండుకునే చిక్కుడు జాతి కాయ. రెంటికీ మధ్య తేడా ఒక్క దీర్ఘమే, ఫోన్‌లో తొందరగా చదివేటప్పుడు అది కంటికి ఆనదు. కూరగాయలు, చుట్టరికాలు, పిండివంటలు, పండగల మీద వచ్చే బిట్లను కనీసం ముగ్గురు చూడాలి. కోస్తా, రాయలసీమ, తెలంగాణల నుంచి ఒక్కొక్కరైతే సరిపోతుంది. ఉత్తరాంధ్ర నుంచి నాలుగోవారు దొరికితే అదృష్టం.

ఎంత చూసినా కొన్ని జారిపోతాయి. అక్కడ లెక్కలు పని చేస్తాయి. ఒక బిట్‌కి 400 మంది జవాబిచ్చారనుకుందాం. వాళ్లని మొత్తం రేటింగ్ ప్రకారం వరసపెట్టి పై 27 శాతం, కింది 27 శాతం తీసుకోవాలి. చెరో 108 మంది. ఈ 27 శాతం కొలత 1939లో ట్రూమన్ కెల్లీ అనే గణాంకవేత్త చెప్పింది, పరీక్షల వాళ్లు నేటికీ వాడతారు. పై గుంపులో 38 మంది, కింది గుంపులో 51 మంది కరెక్ట్ కొట్టారనుకోండి. 38లోంచి 51 తీసేసి 108తో భాగిస్తే మైనస్ 0.12. బాగా ఆడేవాళ్లకే ఎక్కువ తప్పుతోందంటే కీ తప్పు, లేదా ఇంకో ఆప్షన్ కూడా కరెక్ట్. అప్పుడు పై గుంపు ఏ ఆప్షన్ మీద గుమిగూడిందో చూడాలి. భారతం బిట్‌లో వాళ్లు తిక్కన దగ్గర దొరుకుతారు. ఈ తేడా 0.2 దాటితే బిట్ ఆరోగ్యంగా ఉన్నట్టు. సున్నా కిందికి పోతే మనిషి చూసేదాకా ఆపేయాలి.

కాకపోతే తొందర పనికిరాదు. ముప్పై జవాబుల్లో సగం కరెక్టయితే ఆ "50 శాతం" వెనక అటూ ఇటూ 18 శాతం ఊగిసలాట ఉంటుంది. 400 జవాబులకి అది 5 శాతానికి దిగుతుంది. అందుకే కొత్త బిట్‌ని మొదట పాయింట్లు లేని రౌండ్లలో తిప్పి, 200 జవాబులు దాటాకే రేటింగ్ ఆటలోకి వదలడం మంచిది. కష్టం స్థాయి కూడా అప్పుడే తేల్చాలి. రాసినవాళ్లకి జవాబు ముందే తెలుసు కాబట్టి వాళ్ల దృష్టిలో అన్నీ "ఈజీ"యే.

ఓట్లదీ ఇదే కథ. పదిలో తొమ్మిది లైకులొచ్చిన బిట్, 210లో 180 వచ్చిన బిట్: శాతం చూస్తే మొదటిదే పైన, 90కి 86. 1927లో విల్సన్ అనే గణాంకవేత్త ఇచ్చిన సూత్రంతో కింది హద్దు (ఉన్న ఓట్లని బట్టి కనీసం ఇంత అని నమ్మదగిన శాతం) లెక్కేస్తే మొదటిది 60 శాతం దగ్గర ఆగిపోతుంది, రెండోది 80 దగ్గర నిలుస్తుంది. వరస ఆ హద్దు ప్రకారమే పెట్టాలి. లేకపోతే పది మంది స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఒక్క సాయంత్రంలో ఏ బిట్‌నైనా పైకి లేపేస్తుంది.

ఫిర్యాదు బటన్ విషయంలో మన సర్వీస్ కమిషన్ల పద్ధతి బాగుంటుంది: ప్రిలిమినరీ కీ, అభ్యంతరాలు, ఫైనల్ కీ. ఉత్తినే "తప్పు" అని నొక్కనివ్వకుండా ఏ ఆప్షన్ కరెక్టో, ఆధారమేంటో అడగాలి. ఓడినవాళ్ల ఫిర్యాదులు ఎప్పుడూ ఎక్కువే. పాయింట్లు వచ్చాక కూడా "ఇది తప్పు ప్రశ్న" అని రాసినవాడి మాటకి అంతకు రెండు మూడింతలు విలువివ్వాలి, వాడికి అందులో లాభమేమీ లేదు కదా. రిజెక్ట్ చేసిన ప్రతి బిట్‌కీ కారణం ఒక లైనులో రాయాలి. రాయకపోతే అదే బిట్ ఒక కామా మార్చుకుని వారంలో తిరిగొస్తుంది.

రివార్డు పంపిన ప్రశ్నకి ఇస్తే చెత్త వస్తుంది, నిలబడిన ప్రశ్నకి ఇస్తే బిట్లు వస్తాయి. 200 జవాబుల గండం గడిచాక నాణేలు జమచేస్తే సరిపోతుంది. రాసినవారికి, దాన్ని రివ్యూ చేసినవారికి ఆ బిట్ రేటింగ్ ఆటలో రాకూడదు. ప్రశ్నతోపాటు వాళ్ల ఐడీలు భద్రపరిచి, ఆటగాళ్లని జోడీ కట్టేటప్పుడే వడకట్టాలి. స్నేహితుల జాబితాదాకా వెళ్లడం మాత్రం అతి, ప్రశ్నలు మిగలవు. ప్రశ్నల నిల్వ ఎందుకంత ముఖ్యమంటే, 500 బిట్ల కేటగిరీలో 100 చూసేసిన ఆటగాడికి తర్వాతి పది ప్రశ్నల ఆటలో కనీసం ఒక పాత బిట్ తగిలే అవకాశం దాదాపు 90 శాతం. కొత్తగా చేరినవాడి మీద అతను గెలిచేది జ్ఞాపకంతోనే.

ప్రశ్నలు తెచ్చుకునే దారిలోనూ రంధ్రాలుంటాయి. ఓపెన్ ట్రివియా డేటాబేస్ అనే ఉచిత ప్రశ్నల నిధి నుంచి ఒక్కసారికి గరిష్ఠంగా 50 ప్రశ్నలు తీసుకోవచ్చు. కరెక్ట్ జవాబు కూడా ప్రశ్నతోపాటే విప్పి ఉన్న అక్షరాల్లో వస్తుంది. దాన్ని నేరుగా ఆటగాడి ఫోన్‌కి పంపితే బ్రౌజర్ తెరిచి చూసేవాడికి పండగే. సర్వర్‌లో కీ తీసేసి పంపాలి, నొక్కిన తర్వాతే సరిచూడాలి.

టైప్ చేసే మోడ్ పెడితే ఒప్పుకునే జవాబుల జాబితా కావాలి: రాజమహేంద్రవరం, రాజమండ్రి, విశాఖపట్నం, విశాఖ, వైజాగ్. పోల్చేముందు కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు తీసేయాలి, ౧౯౫౬ని 1956 చేయాలి, ఒకే అక్షరాన్ని ఒకే కోడ్ రూపంలోకి తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్ నడపాలి. ఐత్వం ఒకే కోడ్‌గానూ వస్తుంది, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చిన రెండు కోడ్లుగానూ వస్తుంది. చూడటానికి రెండూ ఒకటే, యంత్రానికి కావు.

తప్పు బయటపడ్డాక పాయింట్లు ఎవరికివ్వాలి? తిక్కన నొక్కినవాళ్లకి కలిపితే న్యాయమేగా అనిపిస్తుంది. కానీ ఆలోచిస్తూ టైమ్ అయిపోయినవాళ్ల సంగతి? వాళ్లు ఏం నొక్కేవాళ్లో ఎవరికీ తెలియదు. ఆ ఆటలో ఆ బిట్‌ని అందరికీ రద్దుచేసి, మిగతా ప్రశ్నలతో ఫలితం మళ్లీ లెక్కేయడం తక్కువ చెడ్డది. ముగిసిన టోర్నమెంట్ల జోలికి పోకూడదు, ఇలా రద్దుచేసే గడువు 24 గంటలని ముందే రాసిపెట్టాలి. దిద్దిన బిట్‌కి కొత్త నంబర్ ఇవ్వాలి. "ఆదిపర్వాన్ని" అని మార్చాక కూడా పాత 400 జవాబులు దానికే అంటిపెట్టుకుని ఉంటే, మైనస్ 0.12 చూసి యంత్రం బాగైన బిట్‌నే మళ్లీ ఆపేస్తుంది.