గాలి మేసే జంతువులు

హేగ్ సెంట్రల్ దగ్గర 9వ నంబర్ ట్రామ్ ఎక్కి స్ఖేవెనింగెన్ బీచ్‌లో దిగేసరికి గాలి పడిపోయింది. నెదర్లాండ్స్ వచ్చిన ఈ మూడేళ్లలో ఇక్కడి గాలిని తిట్టుకోని రోజు లేదు. కావాల్సిన రోజే అది రాలేదు.

శిల్పి థియో యాన్సెన్ చేసిన జంతువుల్ని చూద్దామని వెళ్లాను. డచ్చివాళ్లు వాటిని స్ట్రాండ్‌బేస్ట్ అంటారు, తీరపు జంతువు అని. ఇసుకలో ఒకటి నిలబడి ఉంది. ఒళ్లంతా పసుపు పీవీసీ గొట్టాలు, జిప్ టైలు, పైన తెరచాపలు. మోటారు లేదు, గాలికే నడవాలి. నాన్నకి వీడియో కాల్ చేశాను. తెనాలిలో ముప్పై ఏళ్లు వైరింగ్ పని చేసిన మనిషి.

"ఇవి మనం స్లాబులో వేసే పైపులే కదరా!"

అవే. డెల్ఫ్ట్‌లో ఫిజిక్స్ చదువు మధ్యలో వదిలేసిన యాన్సెన్ 1990 నుంచి ఆ చవక గొట్టాన్నే పట్టుకుని ఉన్నాడు. మొదటి జంతువుని టేపుతో అతికించాడు. అది లేచి నిలబడలేక వెల్లకిలా పడుకుని కాళ్లాడించిందట! తర్వాత టేపు పోయి జిప్ టైలు వచ్చాయి. అసలు తంటా కాలితోనే. ఏ గొట్టం ఎంత పొడవుండాలి? అటారి కంప్యూటర్‌లో 1500 కాళ్లు ఊహించి, బాగా నడిచే 100 ఏరి, వాటి కొలతలు మళ్లీ కలిపి, నెలల తరబడి అదే పని. చివరికి 11 కొలతలు తేలాయి. వాటిని దాచుకోకుండా అందరికీ చెప్పేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

చలికాలమంతా షెడ్డులో కట్టడం, ఎండాకాలం తీరంలో నడిపించి చూడటం, సీజన్ అయ్యాక ఆ జాతి 'అంతరించింది' అనేయడం. పనికొచ్చిన భాగం మాత్రం తర్వాతి దానిలోకి వెళ్తుంది. కొన్ని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో గాలి కుక్కి దాచుకుంటాయి. కొన్నిటికి నేలకి రాసుకుంటూ పోయే గొట్టం ఉంటుంది, అందులోకి నీళ్లొస్తే వెనక్కి మళ్లుతాయి.

గంటన్నరకి గాలి లేచింది. తెరచాప పొంగింది, కాళ్లన్నీ టకటకా కదిలాయి. ఎద్దు నడిస్తే మూపురం ఊగుతుంది. దీని నడుము మాత్రం గీత గీసినట్టు సాఫీగా సాగిపోయింది. ఒళ్లు జలదరించింది.

నాన్న ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "వంపులు సెగ చూపించే తిప్పి ఉంటాడు. సరే, ఇసుకలో దిగబడకుండా అడుగున ఏం తొడిగాడు?"

పాదాలు చూడనే లేదు. ఫోన్ పట్టుకుని దాని వెనకాలే పరిగెత్తాను.