ఊక బాయిలర్‌లో కాలని కార్బన్ లెక్క: మిర్యాలగూడ మిల్లుల్లో నా అనుభవం

మిర్యాలగూడ చుట్టుపక్కల పారాబాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుల్లో బాయిలర్‌కు ఊకే ఇంధనం. క్వింటాల్ వడ్లు ఆడిస్తే 20 కిలోలకు అటూ ఇటూగా ఊక దిగుతుంది. అందులో ఐదో వంతుకు దగ్గరగా బూడిదే. పొయ్యిలోకి పోయిన ఊకలో మారకుండా బయటికొచ్చేది ఈ ఖనిజ బూడిద ఒక్కటే. అందుకే నేను కాలని కార్బన్ లెక్క దాని దగ్గరే మొదలుపెడతాను.

ఊక శాంపిల్ ఫీడర్ (పొయ్యిలోకి ఊక వేసే యంత్రం) దగ్గర తీయాలి. కుప్ప అడుగున తీస్తే మట్టి, ఇసుక కలిసి బూడిద శాతం ఎక్కువ చూపిస్తుంది. ఫర్నేస్ కింద బూడిద, మల్టీసైక్లోన్ (పొగలోంచి బూడిదను వేరుచేసే పరికరం) హాపర్ బూడిద వేర్వేరుగా పట్టాలి. నిప్పు ఉన్న బూడిద గాలి తగిలితే డబ్బాలోనూ కాలుతుంది కాబట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలోనే చల్లార్చాలి. నీళ్లు చల్లిన బూడిదైతే 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడయ్యేదాకా ఎండబెట్టాలి. లేదంటే ఆ తేమ కూడా కార్బన్ పద్దులో పడుతుంది.

ఎండిన బూడిద 1 గ్రాము సిలికా క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నె) పలుచగా పరిచి, మూత లేకుండా, చల్లని మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్‌లోని కరెంటు కొలిమి) పెట్టి మెల్లగా 750 డిగ్రీలకు తీసుకుపోతాను. గంట తర్వాత డెసికేటర్‌లో (తేమ తగలని మూత డబ్బా) చల్లార్చి తూచి, మళ్లీ అరగంట కాల్చి తూస్తాను. రెండు తూకాల మధ్య తేడా 1 మిల్లీగ్రాముకు మించకూడదు. మొదటి బరువు నుంచి తగ్గినదే కాలని కార్బన్ కింద లెక్క. ఒక్కసారే వేడి పెంచితే ఊకలోని పొటాషియం సిలికాతో కలిసి కరిగి కార్బన్‌ను లోపలే మూసేస్తుంది. అప్పుడు బరువు తగ్గదు, బూడిద మాత్రం నల్లగానే ఉంటుంది. అలాంటి ఫలితాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొత్తం బూడిదలో 20 శాతం ఫర్నేస్ కింద, అందులో కార్బన్ 3.6 శాతం. 80 శాతం సైక్లోన్‌లో, అందులో 11.6 శాతం. రెండూ కలిపితే సరాసరి 10 శాతం. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: ఊకలో బూడిద 18 శాతం కదా అని, అందులో పదో వంతు, 1.8 కిలోలు అని రాసేస్తారు. ఆ 10 శాతం కార్బన్‌తో కలిసిన బూడిద మీద వచ్చింది. అంటే 18 కిలోల ఖనిజం అందులో 90 శాతమే. 18ని 0.9తో భాగిస్తే 100 కిలోల ఊకకు 20 కిలోల బూడిద, అందులో కాలని కార్బన్ 2 కిలోలు. కిలో కార్బన్‌కు 8080 కిలో కేలరీలు, ఊకకు 3200 అనుకుంటే నష్టం 5.05 శాతం.

ఇక ద్రవ్య సమతుల్యం, అంటే లోపలికి పోయిన బరువు, బయటికొచ్చిన బరువు సరిపోతున్నాయా అన్న లెక్క. ఊకలో కార్బన్ 36, హైడ్రోజన్ 4.5, ఆక్సిజన్ 32, నైట్రోజన్ 0.5, తేమ 9, బూడిద 18 శాతం. గాలి లెక్కలో 36 కాదు, కాలిన 34 మాత్రమే వేయాలి. అప్పుడు కిలో ఊకకు కావాల్సిన గాలి 4.12 కిలోలు. చిమ్నీ పొగలో ఆక్సిజన్ 7 శాతం ఉంటే అదనపు గాలి 50 శాతం, మొత్తం గాలి 6.18. కిలో ఊకతో కలిపి లోపలికి పోయింది 7.18 కిలోలు. బయట కార్బన్ డయాక్సైడ్ 1.25, నీటి ఆవిరి 0.50, నైట్రోజన్ 4.76, ఆక్సిజన్ 0.47, బూడిద 0.20. కూడితే మళ్లీ 7.18. పొడి పొగలో కార్బన్ డయాక్సైడ్ 13 శాతం పైన రావాలి. పొగను కొలిచే ఎనలైజర్ బాగా తక్కువ చూపిస్తే దాని ప్రోబ్ (పొగ తీసుకునే గొట్టం) దగ్గర బయటి గాలి దూరుతున్నట్టు అనుమానించాలి.

బూడిద లారీని కాంటా పెట్టించడం తప్పనిసరి అంటాను. రోజుకు పొడి బూడిద 4 టన్నులైతే కార్బన్ పోను 3.6. దాన్ని 0.18తో భాగిస్తే ఊక 20 టన్నులు. ఊక కాంటా 21.5 చూపిస్తే 270 కిలోల ఖనిజ బూడిద లెక్కకు రాలేదన్నమాట. అది చిమ్నీ నుంచి పోతుండాలి, లేదా డక్ట్‌లో (పొగ పోయే దారిలో) పేరుకుంటుండాలి.

సైక్లోన్ బూడిదలోనే కార్బన్ ఎక్కువుంటే ఐడీ ఫ్యాన్ (పొగను చిమ్నీ వైపు లాగే ఫ్యాన్) లాగుడు ఎక్కువై ఊక కాలకముందే ఎగిరిపోతోందని అర్థం. దాని డ్యాంపర్ (దారిని మూసే రేకు) కొద్దిగా మూసి, పైగాలి (మంట పైనుంచి ఇచ్చే గాలి) పెంచి చూడాలి. ఫర్నేస్ కింద బూడిదలో ఎక్కువుంటే కిందిగాలి రంధ్రాలు పూడుకున్నాయేమో చూడాలి. మార్చిన ప్రతిసారీ ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ రాసుకుని, బాయిలర్ నిలకడకు వచ్చాకే కొత్త శాంపిల్ పట్టాలి.