నాలుగో స్క్రూ

పదకొండున్నరయింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేనేమో ఒక స్క్రూ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నవ్వకండి.

నా పాత కంప్యూటర్‌లో ఆటలాడుకోవడానికి సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, అదే తెర మీద బొమ్మలు గీసే భాగం, కొందామనే గోల దసరా నుంచి నడుస్తోంది. చివరికి ఇవాళ సాయంత్రం బండేసుకుని, ఒడిశాలో సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ వెళ్ళి ఒకటి చూసొచ్చాను. జీటీఎక్స్ 1060, ఆరు జీబీది. 2016లో వచ్చిన మోడల్, అంటే మా చిన్నోడికన్నా పెద్దది. ఆరున్నర వేలు చెప్పాడు. కుర్రాడు మర్యాదస్తుడే, టీ ఇప్పించాడు, తన సిస్టమ్‌లోనే పెట్టి కార్డుని వేడెక్కించి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపి చూపించాడు. వేడి 79 డిగ్రీల దగ్గర నిలబడింది. 83 దాకా వెళ్తే అదే తన వేగం తగ్గించుకుంటుంది, అక్కడిదాకా వెళ్ళలేదు కాబట్టి ఫర్వాలేదు. సముద్రం పక్కిల్లు, అందుకే వెనక రేకు మీద తుప్పు చుక్కలు, హెచ్‌డీఎంఐ మూతి చుట్టూ ఉప్పు పట్టినట్టు తెల్లటి పొర. అదీ ఫర్వాలేదు.

కార్డు వెనక్కి తిప్పితే చిప్ దగ్గర నాలుగు స్క్రూలు. మూడు నల్లగా, మట్టి పట్టి ఉన్నాయి. నాలుగోదాని మీద వారంటీ స్టిక్కర్ ఉండాలి, దాని బదులు జిగురు మరక, స్క్రూ తల మీద స్క్రూడ్రైవర్ జారిన గీత ఒకటి తళతళా మెరుస్తూ. విప్పావా తమ్ముడూ అన్నాను. "కెబే ఖోలిని ఆజ్ఞా" అన్నాడు ఒడియాలో. నాకు అర్థం కాలేదనుకున్నాడో ఏమో, మళ్ళీ తెలుగులో, "ఎప్పుడూ ఇప్పలేదన్నా, అమ్మతోడు."

ఆ అమ్మతోడు లేకపోతే అక్కడికక్కడే డబ్బులిచ్చేసేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి బావ ఫోను. ఈ మనిషికి ఎవరు చెప్తారో, నేను పర్సు తీసే వాసన ఎలా తగులుతుందో. "పాతదెందుకురా, ఇంకో రెండు వేలేస్తే 1660 సూపర్ వస్తుంది." సరే. "ఎలాగూ అంత పెడుతున్నావు, ఇంకొంచెం వేస్తే 2060, అందులో రే ట్రేసింగ్, అదే వెలుగునీడలు నిజంలా చూపించేది, కూడా ఉంటుంది." సరే బావా. "అయినా సెకండ్‌హ్యాండ్ మీద అంత ఎందుకు, ఇంకో పది వేసుకుంటే కొత్తదే, వారంటీతో." చివరికి సిస్టమ్ మొత్తం మార్చెయ్యమన్నాడు. ఆరున్నర వేలతో మొదలైన మాట పావుగంటలో అరవై వేల దగ్గర తేలింది. ఈ ఇంకొంచెం వేస్తే అనే మాట విన్నప్పుడల్లా నాకు బీపీ వస్తుంది. ఆ మాట పట్టుకునే అమ్మకి మిక్సీ కొందామని వెళ్ళి గ్రైండర్ మోసుకొచ్చాం, ఇప్పుడది వంటింట్లో పిండి డబ్బాలు పెట్టుకునే బల్ల. ఇంతా చేసి ఆయన ఆడేది ఏమిటయ్యా అంటే ఫోన్లో లూడో.

అందులో పాతదెందుకన్న ఒక్క మాట నిజమే, అదే ఇంకా మంట. ఈ 1060 తరం (పాస్కల్ అంటారు) కార్డులకి కొత్త ఆటల డ్రైవర్లు, అదే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, 2025 అక్టోబరుతో ఆపేశారు, ఇక 2028 అక్టోబరు దాకా భద్రత కోసం ఇచ్చే అప్‌డేట్లే. 1660కి ఆ బాధ లేదు. కానీ నేనాడేవి కొత్త ఆటలైతే కదా! నేనాడే గుర్రాల ఆట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి దాన్ని చేసినవాళ్ళు సిఫార్సు చేసిన కార్డు ఇదే, ఈ ఆరు జీబీ 1060నే. రాత్రి పదిన్నర తర్వాత గంటసేపు గుర్రమెక్కి తిరగడానికి నాకు రే ట్రేసింగ్ ఎందుకు, చెప్పండి.

అసలు ఖర్చు వేరే ఉంది, అది బావకి చెప్పలేదు. మన కంప్యూటర్ డబ్బా ఆఫీసువాళ్ళు తీసేసినది. అందులో ఎస్ఎంపీఎస్, అదే లోపల అన్నిటికీ కరెంటిచ్చే పెట్టె, 240 వాట్లది, కార్డు ఒక్కటే 120 వాట్లు తాగుతుంది, దానికి కావలసిన ఆరు పిన్నుల వైరు మన దాంట్లో లేనే లేదు. కాబట్టి కొత్త ఎస్ఎంపీఎస్, దానికో కన్వర్టర్ వైరు. వద్దులే అనుకున్నాను. భోజనాల దగ్గర వద్దనేశానని కూడా చెప్పాను, సత్య నమ్మలేదు.

పడుకున్నాక గుర్తొచ్చింది. నేను ప్లస్ టూ చదివేటప్పుడు నాన్న వాయిదాల మీద కంప్యూటర్ కొన్నారు, వేరే చోటు లేక మగ్గం గదిలోనే పెట్టాం. పైన డస్ట్ కవరు, దాని మీద పాత పట్టు ముక్క. ఒక రాత్రికి ఇస్తానని స్నేహితుడు 512 ఎంబీ ర్యామ్ ఇచ్చాడు. కూరగాయల కత్తితో డబ్బా విప్పుతుంటే ఒక స్క్రూ ఎగిరి దొర్లుకుంటూ వెళ్ళి మగ్గం గుంటలో పడింది. అక్కడ సెల్లు లైటు వేసి ఎంత వెతికినా దొరకలేదు. తెల్లవారి నాన్న గుంటలోకి దిగి చెక్క తొక్కగానే కాలి కింద గుచ్చుకుంది. పట్టులో పోగు తేడా పడితే కళ్ళు మూసుకుని వేలితో చెప్పే మనిషి, కాలికి గుచ్చుకున్నదేంటో తెలియదా? "డబ్బా ఇప్పినావేటిరా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. ఇంకేం అనలేదు. ఆ స్క్రూ తెచ్చి మానిటర్ మీద పెట్టారు. నాలుగు రోజులు అక్కడే ఉంది. ఆన్ చేసిన ప్రతిసారీ నా కళ్ళెదుటే, వినాయకుడిలా కూర్చుని. అయిదో రోజు మధ్యాహ్నం ఆయన కొట్టుకి వెళ్ళినప్పుడు బిగించేశాను. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు మేము.

నేనప్పుడు ఏమీ పాడుచెయ్యలేదే, మరి ఎందుకు అబద్ధం చెప్పాను? విప్పావంటే పాడుచేశావనే కదా మనవాళ్ళ లెక్క. వీడికీ అదే భయమేమో. తొమ్మిదేళ్ళ కార్డుకి విప్పి, చిప్ వేడి లాగే పేస్ట్ మార్చడమంటే నిజానికి సేవ చేసినట్టు, చెప్తే ఇంకో మూడొందలు ఎక్కువే ఇద్దును. లేదా ఇలాంటి కార్డులని రాత్రింబవళ్ళు నడిపి ఇథీరియం అనే డిజిటల్ డబ్బు సంపాదించే మైనింగ్ 2022 సెప్టెంబరులో ఆగిపోయాక బస్తాల్లెక్కన అమ్మేసిన వాటిలో ఇదొకటీ, అప్పుడెవరో విప్పారు, వీడికి నిజంగానే తెలియదు. అదీ కావచ్చు. అలా అనుకుంటే అమ్మతోడు కూడా నిజమే అవుతుంది, నేనే అనవసరంగా పిల్లాడిని అనుమానించాను.

పదింటికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, ఛత్రపూర్ నుంచి ఇంకొకళ్ళు అడుగుతున్నారట, ఆదివారం లోపు చెప్పాలట. ఈ ఛత్రపూర్ వాళ్ళు ప్రతి బేరంలోనూ ఉంటారు.

ఆదివారం చేపలకి ఎలాగూ గోపాల్‌పూర్ వెళ్ళాలి. సంచి అడుగున స్టార్ స్క్రూడ్రైవర్ వేసి ఉంచాను. అమ్మ చూస్తే ఇంకో గొడవ, పైన ప్లాస్టిక్ కవరు కప్పాను.